సిబ్బందికి ఎప్పటికప్పుడు ఫీడ్‌బ్యాక్ ఇవ్వడం ఎలా?

"చెబితే మొహం మాడ్చుకుంటున్నారు, చెప్పకపోతే పని పాడవుతోంది. ఏం చేయమంటారు?" బట్టల షాపు నడిపేవాళ్లు, ఆస్పత్రి రిసెప్షన్ చూసుకునేవాళ్లు, సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌లు, ఎవరు కలిసినా చివరికి అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కంటే పద్ధతి అంతా ఒకచోట ఉంటే పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను చాలా ఏళ్లు చీరల షోరూంలో ఫ్లోర్ చూసుకున్నాను. అందుకే ఉదాహరణలు ఎక్కువగా చీరల కౌంటర్ దగ్గరివే. మీది టిఫిన్ సెంటరైనా, ల్యాబైనా, ఆఫీసైనా పద్ధతి ఇదే. మాటలు మాత్రం మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

ఫీడ్‌బ్యాక్ అంటే ఇక్కడ నా ఉద్దేశం ఇంతే: ఒక మనిషి చేసిన ఒక పని గురించి, అది ఇద్దరికీ గుర్తుండగానే, ఆ మనిషితోనే మాట్లాడటం. పని బాగున్నా మాట్లాడాలి, బాగోకపోయినా మాట్లాడాలి. మాట్లాడాక ఆ పని మారిందో లేదో మళ్లీ వెళ్లి చూడాలి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి భాగాన్నే.

ఏమేం కావాలి

- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్. ఒక్కో మనిషికి నాలుగైదు పేజీలు కేటాయించండి. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ, మీరు ఫోన్ చూస్తూ నిలబడితే సిబ్బందికి అది వేరేలా కనిపిస్తుంది. నేను పుస్తకమే వాడాను.
- ఒక్కొక్కరికి వారానికి 10 నిమిషాలు. 8 మంది ఉంటే 80 నిమిషాలు. అంత టైం ఎక్కడిదంటారేమో. అదే తప్పును నెలంతా సరిదిద్దుకుంటూ కూర్చోవడానికి పట్టే టైం ఇంతకంటే చాలా ఎక్కువ.
- మాటలు ఇంకొకరికి వినపడని చోటు. గోడౌన్ మూలైనా, మెట్ల దగ్గరైనా, టీ కొట్టైనా పర్లేదు. ఓనర్ క్యాబిన్ మాత్రం వద్దు. క్యాబిన్‌లోకి పిలిచారంటే ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్‌లో మీరు చెప్పేది సగం చెవికెక్కదు.
- "బాగా చేయడం" అంటే ఏమిటో రాసిన ఒక కాగితం. దీని సంగతి మొదటి స్టెప్‌లో చెబుతాను.

సాఫ్ట్‌వేర్లు, ఫారాలు, రేటింగ్ షీట్లు ఇప్పుడే కొనకండి. నోట్‌బుక్ అలవాటైన తర్వాత కూడా అవసరం అనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

1. బాగా చేయడం అంటే ఏమిటో ముందే చెప్పండి

"కస్టమర్‌తో బాగా మాట్లాడాలి" అంటే ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతుంది. ఒకరికి అది నవ్వుతూ పలకరించడం, ఇంకొకరికి చీర అంటగట్టి పంపించడం. మీరు మనసులో ఒకటి పెట్టుకుని, వాళ్లు ఇంకోటి చేస్తే తప్పు పట్టడం న్యాయం కాదు.

కాబట్టి ఒక్కో పనికి ఐదారు వాక్యాలు రాయండి. కంటితో చూడగలిగేవే రాయండి. మా కౌంటర్ కాగితంలో ఉన్నవి కొన్ని: కస్టమర్ కూర్చోగానే మంచినీళ్లు ఇవ్వాలి. ఎవరి కోసం, ఏ సందర్భానికి, ఎంతలో అని అడిగాకే చీర తీయాలి. విప్పిన చీరను ట్యాగు పైకి కనపడేలా మడత పెట్టాలి. స్టాక్‌లో లేనిదాన్ని "రేపు వస్తుంది" అని చెప్పకూడదు.

ఈ కాగితం మీరొక్కరే రాయకండి. కౌంటర్‌లో బాగా అమ్మే ఇద్దరిని కూర్చోబెట్టుకుని రాయండి. మంచినీళ్ల సంగతి నాకు తట్టలేదు, ఒక సీనియర్ చెబితే చేర్చాం.

2. చూసింది చూసినట్టు రాసుకోండి

ఇది అన్నిటికంటే కష్టమైన అలవాటు. మనం చూసింది ఒకటి, రాసేది ఇంకోటి. నా మొదటి నోట్‌బుక్‌లో "నిర్లక్ష్యం ఎక్కువ", "యాక్టివ్‌గా లేదు", "పొగరు" అని ఉండేవి. నెల తర్వాత తిరగేస్తే ఏ రోజు ఏం జరిగి అలా రాశానో నాకే గుర్తు రాలేదు.

తర్వాత తర్వాత ఇలా రాయడం నేర్చుకున్నాను: "మంగళవారం, మధ్యాహ్నం 12 దాటాక. తల్లీకూతుళ్లు వచ్చారు. రేంజి అడగకుండా 18 చీరలు విప్పాడు. కూతురు రెండుసార్లు 'ఇంత రేటువి వద్దు' అంది. కొనకుండా వెళ్లిపోయారు."

ఈ రాతలో తిట్టు లేదు. కానీ దీన్ని ఆ కుర్రాడికి చదివి వినిపిస్తే ఎక్కడ జారిపోయిందో అతనికే తెలుస్తుంది. పొగరు అనే మాటను ఎవరూ సరిదిద్దుకోలేరు. రేంజి అడగడం రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

1996లో క్లూగర్, డినిసి అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా జరిగిన చాలా అధ్యయనాలను కలిపి చూశారు. ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడో వంతుకు పైగా పని మెరుగుపడకపోగా ఇంకా తగ్గిందని తేలింది. మాట పనిని వదిలి మనిషి మీదికి మళ్లినకొద్దీ నష్టమే ఎక్కువని వాళ్లన్నారు. థియరీ ఇంతకంటే అవసరం లేదు. "నువ్వు ఇలాంటోడివి" అనే మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా ఆగి, "నువ్వు ఇది చేశావు"గా మార్చుకోండి.

జాగ్రత్త: నోట్‌బుక్‌లో మంచివి కూడా రాయాలి. తప్పులే రాస్తే అది పోలీస్ డైరీలా తయారవుతుంది, సిబ్బంది పసిగడతారు కూడా. అడిగితే ఎవరి పేజీ వాళ్లకు చూపించగలిగేలా రాయండి.

3. టైం చూసుకోండి

వీలైతే అదే రోజు, మహా అయితే మర్నాడు. వారం దాటితే "ఎప్పుడు సార్? నేనా?" అనే మాట వస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే గుర్తుండదు.

అదే రోజు అన్నానని ఎప్పుడు పడితే అప్పుడు కాదు. కస్టమర్ ఎదురుగా వద్దు. రాత్రి క్యాష్ లెక్క చూసుకునేటప్పుడు వద్దు, అందరి మనసూ ఇంటి మీదే ఉంటుంది. పొద్దున బోణీ కాకముందు కూడా నేను తప్పు ఎత్తి చూపేవాణ్ణి కాదు. బోణీకి ముందు మాట పడితే రోజంతా బాగుండదని మా వాళ్ల నమ్మకం. నేను దాన్ని గౌరవించాను, దాంతో నాకు నష్టమేమీ రాలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షాపు పలచబడే వేళ మాకు బాగా కుదిరింది.

ఆషాఢం డిస్కౌంట్ సేల్, శ్రావణం, దసరా, పెళ్లిళ్ల సీజన్లలో తీరిగ్గా మాట్లాడటం కుదరదు. అప్పుడు పక్క నుంచి వెళుతూ ఒక్క వాక్యం చెప్పండి, మిగతాది రాసుకోండి. మూఢం రోజుల్లో షాపు ఖాళీగా ఉంటుంది. కౌంటర్ పద్ధతులు మళ్లీ నేర్పించడానికి అంతకంటే మంచి టైం లేదు.

ఆగకుండా అప్పటికప్పుడే చెప్పాల్సినవి మూడే: ఎవరికైనా దెబ్బ తగిలే ప్రమాదం, డబ్బు లెక్కలో తేడా, ఎవరినైనా అవమానించడం. వీటికి కూడా ముందు పని ఆపించండి. వివరంగా మాట్లాడటం పక్కకు తీసుకెళ్లాక.

మీకు కోపంగా ఉంటే అసలు మొదలుపెట్టకండి. ఒక టీ తాగి రండి.

4. ఎప్పుడు, ఏం చేశారు, ఏమైంది: ఈ వరసలో చెప్పండి

అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ అనే సంస్థ ఈ మూడు ముక్కల వరసను చాలాకాలంగా నేర్పుతోంది: సందర్భం, చేసిన పని, దాని వల్ల జరిగింది. దీనికి నేను ఒకటి కలుపుతాను. చివర్లో ప్రశ్న అడగాలి.

ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయితో నేను ఇలా మాట్లాడాను.

"అమ్మా, ఇందాక నీలం కంచిపట్టు చూపించాక మడత పెట్టావు కదా."

"అవును సార్."

"అంచు లోపలికి పోయింది, ట్యాగు కనపడలేదు. తర్వాత వచ్చినవాళ్లకు రేటు చెప్పాలంటే మళ్లీ మొత్తం విప్పాల్సొచ్చింది. పాపం పెద్దావిడ, అంతసేపూ నిలబడే ఉంది. ఎక్కడ ఇబ్బంది వస్తోంది?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కదాన్నే మడత పెడితే అంచు జారిపోతోంది సార్. అవతల ఎవరైనా పట్టుకుంటే బాగానే వస్తుంది" అంది.

అసలు సంగతి అప్పుడు తెలిసింది. కౌంటర్ మీద చీర పరిచి, ఒక చేత్తో అంచు అదిమిపెట్టి, రెండో చేత్తో లాక్కుంటూ ఒక్కరే మడత వేయడం సీనియర్లందరికీ వచ్చు. ఆ అమ్మాయికి మాత్రం ఎవరూ చూపించలేదు. ఆ సాయంత్రం ఒక సీనియర్ పక్కన కూర్చోబెట్టి పది చీరలు మడత పెట్టించింది. నేను "జాగ్రత్తగా మడత పెట్టాలమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి" అని వెళ్లిపోయి ఉంటే, ఆ అమ్మాయి తల ఊపేది, అంచు జారుతూనే ఉండేది.

చివరి ప్రశ్న ఎలా అడుగుతారన్నది ముఖ్యం. "ఎందుకు చేశావ్?" అంటే సంజాయిషీ అడిగినట్టు ఉంటుంది. "ఎక్కడ ఇబ్బంది వస్తోంది?", "అప్పుడు ఏమైంది?" అంటే జరిగింది బయటికొస్తుంది.

5. జవాబు పూర్తిగా వినండి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక శ్రావణ శుక్రవారం, షాపు నిండా జనం. ఒక కుర్రాడు భోజనానికి వెళ్లి గంటకు పైగా కనపడలేదు. రాగానే కస్టమర్ల ముందే గట్టిగా అరిచాను. అతనేమీ అనలేదు. సాయంత్రం తెలిసింది, ఇంకో సూపర్‌వైజర్ స్టాక్ తెమ్మని గోడౌన్‌కు పంపాడని. ఆ కుర్రాడు అసలు భోజనమే చేయలేదు.

క్షమాపణ చెప్పాను. కానీ అంతటితో తీరలేదు. అప్పటిదాకా "సార్, ఈ బండిల్‌లో ఒక పీసు డ్యామేజీ ఉంది" అని తనంతట తనే వచ్చి చెప్పే మనిషి, ఆ రోజు నుంచి ఏదీ చెప్పడం మానేశాడు. డ్యామేజీ పీసులు ఆ ఏడాది స్టాక్ లెక్కింపులో బయటపడ్డాయి. అడిగిన తర్వాత విని ఉంటే రెండు నిమిషాలు పట్టేది.

వింటే చాలాసార్లు తప్పు మన ఏర్పాటులోనే ఉందని తేలుతుంది. మధ్యాహ్నం మూడు దాటితే మా కౌంటర్‌లో అమ్మాయిలు విసుక్కుంటున్నారని నా పుస్తకంలో ముగ్గురి పేజీల్లో రాసుకున్నాను. అడిగితే ఒకటే జవాబు: పొద్దున పది నుంచి నిలబడే ఉన్నాం సార్, కాళ్లు లాగుతున్నాయి. కౌంటర్ వెనక స్టూళ్లు వేయించాం, కస్టమర్ లేనప్పుడు కూర్చోమన్నాం. ఆ విసుగు గురించి మళ్లీ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని చట్టమే తెచ్చాయి. మీ దగ్గర స్టూళ్లు లేకపోతే ముందు అవి వేయించండి, తర్వాత చిరునవ్వు గురించి మాట్లాడండి.

6. ఒకసారికి ఒక్కటే

నోట్‌బుక్‌లో ఐదు ఉన్నా సరే, పనికి ఎక్కువ నష్టం చేసేది ఒకటి ఎంచుకోండి. ఐదూ చెబితే ఇంటికెళ్లేసరికి గుర్తుండేది "నన్ను తిట్టారు" అన్నది ఒక్కటే.

ముగించే ముందు, రేపటి నుంచి ఏం చేస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. "సరే సార్" అంటే సరిపోదు. మన దగ్గర "సరే సార్" అంటే ఒప్పుకున్నానని అర్థం కావచ్చు, ఇక వదిలేయండి సార్ అని కూడా కావచ్చు. "అయితే రేపు మొదటి కస్టమర్ వస్తే ఎలా మొదలుపెడతావు?" అని అడిగి చూడండి. వాళ్లు చెప్పే జవాబును బట్టి, మీరు చెప్పింది ఎంతవరకు అందిందో తెలిసిపోతుంది.

7. మెచ్చుకోలు కూడా వివరంగా

"మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు" అని మా ఓనర్ గారు అనేవారు. ఆ తరం వాళ్లు చాలామంది అలాగే అనుకుంటారు. నా అనుభవం వేరు. ఊరికే "సూపర్, గుడ్" అని అందరినీ అంటుంటే ఆ మాటకు విలువ పోతుంది, అది నిజం. ఏం చేశారో చెప్పి మెచ్చుకుంటే, వాళ్లు ఆ పనినే మళ్లీ చేస్తారు.

"ఇందాక ఆవిడ బ్లౌజు ముక్క చిన్నదని గొడవ పడుతుంటే నువ్వు టేపు తెచ్చి ఆవిడ ముందే కొలిచావు చూడు, అక్కడితో ఆవిడ చల్లబడింది. ఆ ఆలోచన బాగుంది." ఈ మాట చెప్పిన వారంలోపు కౌంటర్‌లో ఇంకో ఇద్దరు టేపు దగ్గర పెట్టుకున్నారు. నేను వాళ్లకేమీ చెప్పలేదు.

నలుగురిలో మెచ్చుకోవడం అందరికీ నచ్చదు. కొందరు సిగ్గుపడతారు, కొందరు తోటివాళ్ల అసూయకు భయపడతారు. మొదటిసారి విడిగా చెప్పండి. మనిషి తీరు తెలిశాక నలుగురిలో చెప్పొచ్చు.

8. మళ్లీ వెళ్లి చూడండి

మాట్లాడిన రోజే నోట్‌బుక్‌లో ఒక తేదీ వేసుకోండి. చిన్న విషయమైతే మూడు రోజులు, అలవాటు మారాల్సినదైతే రెండు వారాలు. ఆ రోజు వెళ్లి, అదే పనిని కాసేపు గమనించండి.

మారిందా? వెంటనే చెప్పండి: "ట్యాగులన్నీ పైకే ఉన్నాయి, చూశాను." ఈ ఒక్క వాక్యం చెప్పకపోతే, వాళ్లు కష్టపడి మార్చుకున్నది ఎవరి కంటా పడలేదనుకుంటారు. మూడో వారానికి పాత పద్ధతి వచ్చేస్తుంది.

సగం మారితే ఆ సగాన్ని గుర్తించి, మిగతా దానికి ఏం అడ్డొస్తోందో అడగండి. ఏమీ మారకపోతే గొంతు పెంచకుండా మళ్లీ నాలుగో స్టెప్ నుంచి మొదలుపెట్టండి. ఈసారి "ఎలా చేయాలో తెలుసా, నేర్పించాలా?" అని సూటిగా అడగండి. చేతకాకపోవడం, చేయకపోవడం రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మొదటిదానికి నేర్పించాలి. రెండోదానికి మాట్లాడాలి.

9. మీ గురించి కూడా అడగండి

నెలకోసారైనా "నేను చేసేవాటిలో మీ పనికి అడ్డొచ్చేది ఏముంది?" అని అడగండి. మొదటి రెండుసార్లు "ఏం లేదు సార్, అంతా బాగుంది" అనే అంటారు. నిరాశ పడకండి, అడుగుతూ ఉండండి. చిన్నదైనా ఏదో ఒకటి చెప్పిన రోజు దాన్ని సాధ్యమైనంత త్వరగా సరిచేయండి, సరిచేశానని చెప్పండి. నాకు మొదట వచ్చిన మాట: "మీరు వెనక నుంచి వచ్చి నిలబడితే కస్టమర్ మమ్మల్ని వదిలేసి మిమ్మల్ని బేరం అడుగుతున్నారు సార్." మర్నాటి నుంచి దూరంగా నిలబడి చూశాను.

తరచుగా జరిగే తప్పులు

ఒకరు చేసిన తప్పుకు పొద్దున మీటింగ్‌లో అందరినీ కలిపి అనడం. చేసినవాళ్లు తమని కాదనుకుంటారు, చేయనివాళ్లు నొచ్చుకుంటారు. నేను చూసిన షాపుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

"ఆ అమ్మాయిని చూసి నేర్చుకో" అని పోల్చడం. దీని వల్ల ఇద్దరికీ చెడుతుంది. బాగా చేసే అమ్మాయి మీద మిగతావాళ్లు కక్ష పెంచుకుంటారు.

"అందరూ అంటున్నారు" అనడం. ఎవరన్నారో వెతుక్కోవడంలో పడి అసలు విషయం వదిలేస్తారు. మీరు కళ్లారా చూసిందే చెప్పండి. చూడలేదా, వెళ్లి చూసి వచ్చి చెప్పండి.

"నువ్వెప్పుడూ ఇంతే." ఎప్పుడూ అనే మాటకు ఎదురు ఉదాహరణ ఒక్కటి చెబితే చాలు, మీ మాట పడిపోతుంది.

రెండు పొగడ్తల మధ్య ఒక విమర్శ దాచి చెప్పడం. దీన్ని చాలా ట్రైనింగుల్లో నేర్పుతారు, నేనూ కొన్నాళ్లు చేశాను. నాలుగోసారికి సిబ్బంది కనిపెట్టేశారు. మీరు పొగడటం మొదలుపెట్టగానే తర్వాత ఏం రాబోతోందో అని బిగుసుకుపోయేవాళ్లు. మెచ్చుకోవాల్సింది ఒక రోజు, దిద్దాల్సింది ఇంకో రోజు చెప్పండి.

వాట్సాప్ గ్రూపులో సీసీటీవీ క్లిప్ పెట్టి "ఇది ఎవరు?" అని అడగడం. దయచేసి ఈ పని ఎప్పుడూ చేయకండి. ఆ క్లిప్ వాళ్ల ఇంటిదాకా వెళుతుంది.

తప్పుకు జీతంలో కోత. కోత పెట్టినంత మాత్రాన పని రాదు, పైగా ఇష్టం వచ్చినట్టు కోయడానికి చట్టం ఒప్పుకోదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్నదీ, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లో ఉన్నదీ ఇదే: ఏ తప్పులకు జరిమానానో ముందే ప్రకటించి ఉండాలి, ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, మొత్తం జరిమానా ఆ వేతన కాలపు జీతంలో 3 శాతం దాటకూడదు.

ఇంకొక హద్దు. లైంగిక వేధింపుల ఫిర్యాదును ఫీడ్‌బ్యాక్‌తో సర్దేయకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. మహిళా ఉద్యోగి అలాంటిది చెబితే ఆ దారిలోనే వెళ్లాలి. "ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడతాను" అనకండి.

మనిషిని బట్టి మార్చుకోవాల్సినవి

మీకంటే వయసులో పెద్దవాళ్లయితే, సలహా అడిగినట్టు మొదలుపెట్టండి. "బాబాయ్, బిల్లు దగ్గర జనం ఆగిపోతున్నారు. మీరు ఇన్నేళ్లుగా చూస్తున్నారు కదా, ఎక్కడ ఆలస్యమవుతోందంటారు?" ఆయన చేసే ఆలస్యమే అయినా, ఆయన నోటి నుంచే రావచ్చు. రాకపోతే మర్యాదగానే, కానీ విషయం తగ్గించకుండా చెప్పండి. పెద్దవారని చెప్పకుండా వదిలేయడం గౌరవం అనిపించుకోదు. వెనక కుర్రాళ్లు నవ్వుకుంటుంటే ఆయనకు అది ఇంకా అవమానం.

ఓనర్ బంధువైతే, ఓనర్‌తో ముందే ఒక మాట అనుకోండి: ఫ్లోర్ మీద నేను చెప్పింది ఇంట్లో మార్చకూడదని. ఆ మాట లేకుండా మొదలుపెట్టకండి.

ఏడిస్తే ఆగండి. మంచినీళ్లు ఇవ్వండి, "రేపు మాట్లాడుకుందాం" అనండి, రేపు తప్పకుండా మాట్లాడండి. ఏడ్చారని విషయం వదిలేస్తే వాళ్లకు మేలు చేసినట్టు కాదు.

ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాళ్లుంటే, మీకొచ్చిన కొద్దిపాటి హిందీలో తప్పు వివరించే ప్రయత్నం చేయకండి. రెండు భాషలూ బాగా వచ్చిన తోటి పనివాణ్ణి పక్కన పెట్టుకోండి, లేదా చేసి చూపించండి. మా పద్ధతి ఎక్కువగా చేసి చూపించడమే.

ఇంటి నుంచి పనిచేసే టీమ్ అయితే, చాటింగ్‌లో మెచ్చుకోండి, దిద్దుబాటు మాత్రం ఫోన్‌లోనో వీడియోలోనో చెప్పండి. రాసిన వాక్యానికి గొంతు ఉండదు. హైదరాబాద్‌లో రాత్రి పదకొండింటికి చదువుకుంటే మామూలు వాక్యం కూడా కోపంగా వినిపిస్తుంది.

పని చేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెలకోసారి నోట్‌బుక్ ముందు పెట్టుకుని వీటిని చూడండి.

- ఎవరి పేజీ ఖాళీగా ఉంది? నెల రోజుల్లో ఒక మనిషి గురించి మీకు రాయడానికి ఏమీ దొరకలేదంటే, మీరు వాళ్లను చూడలేదన్నమాట. నిశ్శబ్దంగా పని చేసుకుపోయేవాళ్ల పేజీలే ఎక్కువగా ఖాళీగా ఉంటాయి.
- మంచివి ఎన్ని, దిద్దుబాట్లు ఎన్ని? ఇంతుండాలని లెక్కేమీ పెట్టుకోకండి. అన్నీ ఒకే రకం అయితే మాత్రం మీ చూపు ఒకవైపే ఉంది.
- మళ్లీ వెళ్లి చూసిన తేదీలు ఎన్నిటికి ఉన్నాయి? మొదటి నెలలో నావి సగం కూడా లేవు.
- అదే తప్పు ఎన్ని పేజీల్లో ఉంది? ముగ్గురు నలుగురు ఒకే తప్పు చేస్తుంటే అది ఏర్పాటులో లోపం. స్టూళ్ల సంగతి గుర్తు చేసుకోండి.
- తప్పు జరిగినప్పుడు వాళ్లే వచ్చి చెబుతున్నారా? అన్నిటికంటే నేను నమ్మే గుర్తు ఇది. "సార్, బిల్లులో ఒక చీర రెండుసార్లు కొట్టేశాను, వాళ్లు వెళ్లిపోయారు, ఫోన్ నంబరు ఉంది" అని ఒకరు వచ్చి చెప్పిన రోజు, మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఆ రోజు మీ మొహం ఎలా పెట్టారన్నది వాళ్లు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటారు. కాబట్టి ముందు "చెప్పి మంచి పని చేశావు" అనండి, తర్వాతే ఫోన్ అందుకోండి.

ఏడాది చివర అప్రైజల్, అంటే ఏడాది పనితీరును లెక్కగట్టే మీటింగ్, ఉన్న ఆఫీసులకు ఇంకో పరీక్ష ఉంది. ఆ మీటింగ్‌లో ఉద్యోగికి కొత్తగా తెలిసిన విషయం ఒక్కటీ ఉండకూడదు. మార్చిలో "మీరు గత జూన్‌లో..." అని మొదలుపెట్టాల్సి వచ్చిందంటే, జూన్‌లో మీరు మాట్లాడలేదన్నట్టే. అడోబీ కంపెనీ 2012లో ఏడాదికోసారి జరిగే అప్రైజల్‌ను తీసేసి, ఏడాది పొడవునా మాట్లాడుకునే పద్ధతి పెట్టింది. మైక్రోసాఫ్ట్ 2013లో ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి ర్యాంకులు వేయడం మానేసింది. మీ దగ్గర అప్రైజల్ తీసేయడం మీ చేతిలో ఉండకపోవచ్చు. నోట్‌బుక్ తీసుకుని ఆ మీటింగ్‌కు వెళ్లడం మాత్రం మీ చేతిలోనే ఉంది.

ఎన్నిసార్లు చెప్పినా మారకపోతే

ఒకే విషయం మూడుసార్లు మాట్లాడి, నేర్పించి, మళ్లీ చూసి, అయినా మారకపోతే ముందు పని మార్చి చూడండి. కౌంటర్‌లో మాట కలవని మనిషి స్టాక్ రూంలో రాణించడం నేను ఒకటికి రెండుసార్లు చూశాను. ఆ మార్పును శిక్షలా చెప్పకండి, "అక్కడ నీ లెక్క పనికొస్తుంది" అని కారణం చెప్పండి, అది నిజమైతేనే.

అదీ కుదరకపోతే నోటిమాట ఆపి, రాతపూర్వకంగా లెటర్ ఇవ్వాలి. ఏం మారాలి, ఎప్పటిలోగా, మారకపోతే ఏమవుతుంది అన్నవి అందులో ఉండాలి. వాళ్లకు అర్థమయ్యే భాషలో రాసి, ఒక కాపీ ఇచ్చి, వాళ్ల జవాబు కూడా రాయించుకోండి. ఆ లెటర్‌లో ఏం రాయాలో తెలియక చాలామంది నెలల తరబడి ఆగిపోతారు. మీ నోట్‌బుక్‌లో తేదీలున్నాయి, ఆ రోజు ఏం జరిగిందో, ఇద్దరూ ఏం అనుకున్నారో ఉంది. విశేషణాలు కలపకుండా దాన్నే ఎత్తి రాయండి.